విద్యార్థికి పని చూపిన గురువులు



నేను ముప్పదియైదు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుండి విరమించినవాడను. ఇంట మా నాయనగారి యొద్ద అమరమును, రఘువంశమును వల్లించి, పిమ్మట ప్రాచ్య కళాశాలలో భాషాప్రవీణ పరీక్షకు చదివితిని. చరిత్ర పరిశోధన నా పని కాదు. అయినను నేడు మన ఆంధ్రదేశపు గురువులు కొందరిని గూర్చి మీతో ముచ్చటింప సాహసించుటకు ఒక కారణము కలదు. ఆ కారణము నేను చేసిన యొక తప్పు. ముందుగా దానిని చెప్పి, పిమ్మట కథలోనికి వచ్చెదను.

నా శిష్యులలో ఒక కుఱ్ఱవాడుండెను. సాయంకాలము బడి విడిచిన తోడనే అతడు తపాలా కచేరి అరుగుమీద కూర్చుండెడివాడు. ఆ ఊరి వృద్ధులును, భర్తలు దూరదేశములకు కూలికి బోయిన స్త్రీలును అతనిచేత జాబులు వ్రాయించుకొనెడివారు. వచ్చిన జాబులు చదివించుకొనెడివారు. మనియార్డరు కాగితములు నింపించుకొనెడివారు. ఎవ్వరు పిలిచినను అతడు లేచి పోవుచుండెను. ఎవ్వరివలనను కాసు పుచ్చుకొని యెరుగడు. నేను ప్రతిదినము ఆ అరుగు ముందుగనే ఇంటికి బోవుచుంటిని. అతనిని చూచుచుంటిని. కాని ఏమియు గమనింపలేదు.

కళాశాలలో చేరిన పిదప అతడొకనాడు మా యింటికి వచ్చి, "మాస్టారూ, ముందు ముందు నేనేం చదివితే బాగుంటుంది?" అని యడిగెను. "లెక్కలలో ఎన్ని మార్కులురా?" అంటిని. "తొంభై ఎనిమిదండి" అనెను. "ఇంకేమి, ఇంజనీరింగు చదువు" అంటిని. ఆ సంభాషణ తమలపాకు ఈనె తీసినంతసేపు కూడ పట్టలేదు. అతడు నా మాట పాటించెను, మంచి జీతము సంపాదించెను, తల్లిదండ్రులకు ఇల్లు కట్టించెను. ఇరువదేండ్ల పిదప పండ్లు తీసికొని నన్ను చూడవచ్చెను. లేచి పోవునప్పుడు గుమ్మము కడ నిలిచి ఇట్లనెను: "మాస్టారూ, మీ దయవల్ల ఉద్యోగం దొరికింది. పని మాత్రం దొరకలేదండి."

అతడు నన్ను నిందింపలేదు. అతని గొంతులో కోపము లేదు. అందువలననే ఆ మాట నన్ను మరింత బాధించినది. నాటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉద్యోగమునకును పనికిని నడుమ ఇతడు చూచిన భేదమును నేను ఇన్నేండ్లు పాఠము చెప్పియు ఏల చూడనైతిని?

మన సంస్కృత భాషలో 'వృత్తి' యను శబ్దము కలదు. ఉండుట, ప్రవర్తించుట యను అర్థములు గల ధాతువునుండి అది పుట్టినది. జీవనోపాధికి వృత్తి యని పేరు. నడవడికిని వృత్తి యనియే పేరు. మనుష్యుడు దేనిచేత బ్రతుకునో, ఎట్లు బ్రతుకునో, ఆ రెంటిని మన పూర్వులు ఒక్క మాటతోనే చెప్పిరి. తైత్తిరీయోపనిషత్తు నందలి శిక్షావల్లిలో చదువు ముగించి ఇంటికి బోవు శిష్యునకు ఆచార్యుడు చేయు ఉపదేశ మొకటి యున్నది. సత్యమును, ధర్మమును, దానమును బోధించిన పిమ్మట ఆచార్యుడు, నీ కర్మ విషయమునగాని నడవడి విషయమునగాని సందేహము పుట్టినచో, ఆ చోట నుండెడి విచారశీలురును ధర్మకాములును ఎట్లు నడచుకొందురో అట్లు నడచుకొనుమని శిష్యునకు చెప్పును. ఈ భాగమును నేను ఎన్నియో పర్యాయములు వల్లించితిని. సందేహము వచ్చినవానికి మనుష్యుని చూపుమని ఆచార్యుడు చెప్పుచుండగా, నేను మార్కుల పట్టికను చూపితిని.

అటుపిమ్మట నేను మన దేశపు గురువుల చరిత్రములను మరల చదువ మొదలిడితిని. వారు శిష్యులకు దారి యెట్లు చూపిరో తెలిసికొనుటయే నా కోరిక. అట్లు చదివినవానిలో మూడు వృత్తాంతములను నేడు విన్నవించెదను.

మొదటిది రాజమహేంద్రవరమున జరిగినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848లో జన్మించిరి. ఆయన 1876 మొదలు రాజమహేంద్రవరపు దొరతనమువారి పాఠశాలలో తెలుగు పండితులు. అనగా నావంటి యుద్యోగమే. ఆ దినములలో బాల్యముననే భర్తను గోల్పోయిన బాలికల దుఃస్థితి మన కందరికిని తెలిసినదే. పంతులుగారు 1879లో స్త్రీ పునర్వివాహమును గూర్చి బహిరంగముగ ఉపన్యసించిరి. 1881 డిసెంబరు 11వ తేదీని తొలి వితంతు వివాహము జరిపించిరి. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు, వధువు గౌరమ్మగారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసాహాయ్యము చేసిరి. ఊరు ఊరంతయు వెలివేయ సిద్ధపడినది. వంటవారు రామనిరి, నీళ్లు తెచ్చువారు మానుకొనిరి. పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి, వంట చేసిరి.

అట్టి సమయమున పంతులుగారికి అండగ నిలిచినవారిలో ముఖ్యులు విద్యార్థులు. అంతకుముందు వారు తరగతిలో ఆయన పాఠములు వినియుందురు, ఆయన 1874 మొదలు నడపుచున్న 'వివేకవర్ధని' చదివియుందురు. కాని ఆ డిసెంబరు నెలలో వినుటయు చదువుటయు చాలినవి కావు. పెండ్లి యింటికి తోడు నిలుచుట, పనులు చక్కబెట్టుట వారి వంతైనది. అట్టి యువకులలో బసవరాజు గవర్రాజుగారు అగ్రగణ్యులు. ఆయన పంతులుగారికి కుడిభుజమై పనిచేసి, చిన్న వయసుననే స్వర్గస్థులైరి. పంతులుగారు ఈ యువకులకు మీరు సంస్కర్తలు కావలెనని ఉపదేశించి యూరకుండినయెడల, వారు చప్పట్లు చరచి ఇండ్లకు బోయెడివారేమో. ఆయన వారి చేతికి ఒక పని నిచ్చిరి. ఆ పనివలన వారికి కష్టము కలదు, బంధువులు దూషింతురు, అయినను ఆ పని లేక యొక బాలిక బ్రతుకు చక్కబడదు. తాము అవసరమైనవారమని యువకుడు తెలిసికొనుట అట్టి పనియందేగదా!

ఇందొక విశేషము గమనింపదగినది. ఇంత పని చేయుచు పంతులుగారు తమ పండితోద్యోగమును విడువలేదు. జీతము తీసికొనుచునే యుండిరి. 1899లో చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలకు పోయి అచ్చట సుమారు అయిదేండ్లు పండితులుగ నుండిరి. పరోపకారము చేయగోరువాడు జీవనోపాధిని త్యజించి తీరవలెనను నియమము లేదని ఆయన జీవితమే సాక్ష్యము. పేద యింటి బిడ్డలు ఈ సంగతిని మరువరాదు.

రెండవ వృత్తాంతము బందరునకు సంబంధించినది. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు 1862 అక్టోబరు 1వ తేదీని మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రిగారు సైన్యమున సుబేదారు. సైనికుల బిడ్డ గనుక బాల్యము దూరప్రాంతములలో గడచినది. ఉర్దూ, పారసీకములు అబ్బినవి. హైదరాబాదున చదివి, చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చేరిరి. అచ్చటి ప్రధానాచార్యులు విలియం మిల్లరు దొరగారు. స్కాట్లండునుండి 1862లో వచ్చి, ఆ కళాశాలనే తన బ్రతుకుగ చేసికొనిన మహనీయుడు. మిల్లరుగారి మతము వేరు, నాయుడుగారి మార్గము వేరు. నాయుడుగారు బ్రహ్మసమాజమున చేరిరి. అయినను గురువు తన విద్యార్థులకొరకు బ్రతుకుట ఎట్టిదో నాయుడుగారు కన్నులార చూచిరి. ఎం. ఏ. పట్టమునకు ఆ కాలమున పెద్ద యుద్యోగములు దొరకెడివి. ఆయన ఉపాధ్యాయత్వమునే కోరుకొనిరి.

గత శతాబ్దమునకు ముందటి శతాబ్దపు చివరి సంవత్సరములలో నాయుడుగారు బందరు నోబుల్ కళాశాలలో ఆచార్యులుగ నుండిరి. ఆయన వేషము తెల్లని వేషము. భోగము మేళములు పెట్టించుట గౌరవచిహ్నమని పెద్దమనుష్యులు తలచుచుండిన ఆ దినములలో ఆయన అట్టి సభలకు పోనని వ్రతము పట్టి, సాంఘిక పవిత్రతకై ఉద్యమము నడపిరి. ఆ తరగతి గదిలో కూర్చుండినవారిలో ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు, కోపల్లె హనుమంతరావుగారు కలరు.

ఆ మువ్వురును ఏమైరో చూడుడు. కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో పరమపదించువరకు 'కృష్ణాపత్రిక'కు సంపాదకులై, ఆంధ్రుల హృదయములను మేల్కొలిపిరి. పట్టాభిగారు వైద్యవిద్య నభ్యసించి, బందరున వైద్యము చేసి, పిదప దానిని విడిచి దేశకార్యములలో దిగిరి. 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అది తొంబదియారు సంవత్సరములకు పైగా నడచి, 2020లో యూనియన్ బ్యాంకునందు విలీనమైనది. హనుమంతరావుగారు న్యాయశాస్త్ర పట్టభద్రులు. ఆ వృత్తిని కాదని జాతీయ విద్యకు జీవితమును ధారవోసిరి.

1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించినప్పుడు కృష్ణారావుగారు వెంట నుండిరి. ఆ పర్యటనము రగిల్చిన యుత్సాహము ఉపన్యాసములతో చల్లారిపోవలసినదే. కాని ఈ మిత్రులు దానిని ఒక సంస్థగ మార్చిరి. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. అచ్చట గ్రంథములతోపాటు వడ్రంగము, నేత, చిత్రలేఖనము మొదలగునవి నేర్పిరి. చదువుకొనినవాడు చేతిపనిని నీచముగ చూచెడి దుర్గుణమును పోగొట్టుట వారి యుద్దేశము. దాని భారమును హనుమంతరావుగారు తలకెత్తుకొని, 1922లో, నలువది దాటిన కొలది యేండ్లకే అస్తమించిరి. ఈ వ్యయమును దాచి సేవను గూర్చి యువకులకు బోధించుట న్యాయము కాదు. సేవ సుఖమైన దారి యని నేను చెప్పను. వారు ఆ దారిని తామే ఎంచుకొనిరని మాత్రము చెప్పుదును.

ఒకే గురువు, ఒకే తరగతి. కాని మువ్వురికిని మూడు పనులు. నాయుడుగారు సంపాదకులు కారు, బ్యాంకు స్థాపింపలేదు. తమ వంటివారిని చేయవలెనని ఆయన చూచియుండినచో మువ్వురును బ్రహ్మసమాజ ప్రచారకులై యుండవలసినది. ఆయన వారికి వృత్తిని చూపలేదు. తమ నడవడిని చూపిరి. వృత్తి శబ్దమునకు గల రెండర్థములలో రెండవది కుదిరినపిమ్మట, మొదటిదానిని వారే వెదకికొనిరి.

పిదప నాయుడుగారు సికిందరాబాదు మహబూబు కళాశాలకును, అటనుండి కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకును ప్రధానాచార్యులైరి. కాకినాడలో 1919 వరకు నుండిరి. ఆడపిల్లలను కళాశాలకు రప్పించిరి. పిఠాపురపు ప్రభువుల పోషణమున అచ్చట అనాథ శరణాలయము వెలసినది. 1925 మొదలు మూడేండ్లు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగ నుండి, 1939లో దివంగతులైరి. కాకినాడ శిష్యులలో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు కవియై, ఈ ఆకాశవాణికే ఎన్నియో గేయములను, నాటికలను సమర్పించిరి. గుడిపాటి వేంకటచలముగారును అచ్చటనే చదివిరి. చలముగారి రచనలు నాయుడుగారి పవిత్రతా వ్రతమునకు ఎంతదూరమో పాఠకులెరుగుదురు. అయినను నమ్మినదానికై సంఘమును ఎదిరించు తెగువకు ఆ ప్రాంగణమున లోటు లేకుండెను. దీపము వెలిగించినవాడు వెలుగు ఎటు ప్రసరింపవలెనో శాసింపజాలడుగదా.

మూడవ వృత్తాంతమునకు మరల గోదావరీ తీరమునకు పోవలెను. ఇది నా తప్పునకు మిక్కిలి దగ్గరగ నున్నది. రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలకు 1909 మొదలు 1919 వరకు ఆస్వాల్డ్ కూల్డ్రే యను ఆంగ్లేయుడు ప్రధానాచార్యులుగ నుండెను. ఆయన చిత్రకారుడు, రచయిత. మన దేశమునుగూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1924లో వెలువడినది. రాజకీయముగ ఆ దినములలో పాలకులకును మనకును నడుమ ఎంత యగాధముండెనో చెప్పనక్కరలేదు. అదే రాజమహేంద్రవరమున 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు స్వదేశోద్యమమున పాల్గొనినందుకు శిక్షణ కళాశాలనుండి వెడలగొట్టబడిరి. అట్టి యూరిలో, అట్టి కాలములో, ఈ యాంగ్లేయుడు తెలుగు పిల్లల చేతులవంక చూచెను.

దామెర్ల రామారావు 1897లో పుట్టిన బాలుడు. పాఠములకంటె బొమ్మలమీద ఎక్కువ మక్కువ. అట్టివానిని మందలించుటయే మనవంటివారి యాచారము. కూల్డ్రేగారు వాని బొమ్మలను చూచి, చిత్రకళయే వాని పని యని గుర్తించి, ప్రోత్సహించి, 1916లో బొంబాయి జె. జె. కళాశాలకు పోవుటకు తోడ్పడిరి. రామారావుగారు అచ్చట కీర్తి నార్జించి, తమ కీర్తితో అచ్చటనే యుండిపోక రాజమహేంద్రవరమునకు మరలివచ్చి, తోటివారికి చిత్రకళ నేర్పుటకు పూనుకొనిరి. 1925లో మశూచిచే మరణించునాటికి ఆయన వయస్సు ఇరువదియెనిమిది సంవత్సరములు నిండలేదు. ఆయన చిత్రములు ఆ ఊరి దామెర్ల రామారావు స్మారక చిత్రశాలలో నేటికిని చూడవచ్చును. ఆయన రేఖలలోని గోదావరి తీరపు మనుష్యులను చూచినప్పుడు, ఒక గురువు ఒక్క క్షణము ఆగి చూచుటవలన మనకేమి మిగిలెనో తెలియును.

కూల్డ్రేగారి శిష్యులలో మరియొకరు అడివి బాపిరాజుగారు. ఆయన న్యాయశాస్త్రము చదివి, కొంతకాలము న్యాయవాదిగ నుండియు నిలువలేక కళవైపునకే వచ్చిరి. బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీగారియొద్ద చిత్రలేఖన మభ్యసించి, 1930 దశకమున అదే కళాశాలకు ప్రధానాచార్యులైరి. కోపల్లెవారు కట్టిన యింటిలో కూల్డ్రే శిష్యుడు గురుపీఠ మలంకరించెను. రాజమహేంద్రవరపు వెలుగును బందరు వెలుగును అచ్చట ఒక చోట చేరినవి.

శ్రోతలారా, ఈ మూడు వృత్తాంతములు చదివిన పిమ్మట నా తప్పు నాకు స్పష్టమైనది. ఇంజనీరింగు చదువుమని చెప్పుట తప్పు కాదు. పేద తల్లిదండ్రులకు ఇల్లు కట్టించుటకంటె మేలైన పని యేమున్నది? వంతెనలు కట్టువాడును, యంత్రములు నడపువాడును లోకమునకు ఉపకారియే. నా తప్పు చూడకుండుట. ఆ బాలుడు ఎవ్వరును చెప్పకయే ప్రతి సాయంకాలము ఎచ్చట కూర్చుండెనో నేను చూచియు చూడలేదు. అక్షరము రానివానికి అక్షరమై నిలుచుట అతని స్వభావము. ఆ స్వభావముతో అతడు ఇంజనీరు కావచ్చును, వైద్యుడు కావచ్చును, గుమాస్తా కావచ్చును. కాని, నాయనా, ఆ అరుగును మాత్రము విడువకుమని చెప్పవలసినవాడను నేను. చెప్పలేదు.

నేడు కళాశాలలలో చదువు చెప్పు ఆచార్యులకు నా మనవి యొకటి. విద్యార్థి వచ్చి యడిగినప్పుడు వెంటనే జవాబు చెప్పకుడు. ఎవ్వరును చూడనప్పుడు వాడేమి చేయుచున్నాడో ఒక నెల గమనింపుడు. వీరేశలింగముగారివలె నిజమైన అవసరము గల పనిలో కొంచెము వాని చేతికి అందిపుడు. ఆ పనిలో మీరును ఒక చేయి వేయుడు. మీరు గట్టున నిలిచి వానిని నీటిలోనికి నెట్టినచో వాడు నమ్మడు. పిదప వాడు మీరు తలచిన దారిని విడిచి వేరొక దారిని పోయినచో విచారింపకుడు.

విద్యార్థులకును ఒక మాట. నీ పని యేదో ఇరువదేండ్లకే తెలిసితీరవలెనని తొందరపడకుము. పట్టాభిగారు వైద్యులైన పిదపనే వేరు పని చూచుకొనిరి. బాపిరాజుగారు న్యాయవాదియైన పిదపనే కళాశాలకు మరలిరి. నీవు లేక ఎవ్వరికి కొదువ కలుగునో, ఎవ్వరు నీ రాకకై ఎదురుచూతురో, ఆ చోటిని కనిపెట్టుకొనియుండుము. జీతము మరియొక చోటనుండి వచ్చినను రానిమ్ము.

నా శిష్యుని కథ ముగింపవలసియున్నది. గుమ్మము కడ అతడు ఆ మాట చెప్పిన నాడు నేను బదులు చెప్పలేకపోతిని. మరుసటి యేడు అతడు సెలవులకు వచ్చినప్పుడు, "ఏరా, ఆదివారం నాతో గ్రంథాలయం దాకా వస్తావా?" అని పిలిచితిని. అచ్చటికి వృద్ధులు పింఛను కాగితములు పట్టుకొని వత్తురు. నేడు జాబులు లేవుగాని, నింపవలసిన కాగితములకు కొదువ లేదు. నా కన్నులు మసకలు, అక్షరములు చిన్నవి. అతడు నా ప్రక్కన కూర్చుండి ఒక ముసలమ్మ కాగితము నందుకొని, "అమ్మా, నీ పేరు చెప్పు" అనెను. మధ్యాహ్నము వరకు లేవలేదు. ఇప్పుడు ఊరికి వచ్చినప్పుడెల్ల ఆదివారము ఉదయము అతడు అచ్చటనే యుండును. పట్టణమునందు కూడ అట్టి చోటు నొకదానిని వెదకికొనెనని మొన్న ఫోనులో చెప్పెను.

ఇరువదేండ్లు ఆలస్యముగ నైనను ఆ అరుగు అతనికి మరల దొరకినది. నాకును దొరకినది. సెలవు.